గుర్తు తెలియని వాహనం

కొల్లేటి లంక ఊళ్ళలో పెద్దింటమ్మ అని అమ్మవారి పేరు పెట్టుకున్న ఆడవాళ్ళకు కొదవ లేదు. అందుకే కొత్తనాటిలంకలో ఈమెను ఎండుచేపల పెద్దింటమ్మ అనేవారు. తెల్లారగానే గంపతో ఆటో ఎక్కి భీమడోలు, ఉంగుటూరు, ఒక్కోసారి తాడేపల్లిగూడెం దాకా పోయి వీధుల్లో కేకేసుకుంటూ అమ్ముకొచ్చేది. బేరంలో గట్టిది. మాటలో మాత్రం మెత్తన. పదేళ్ళ పిల్లనైనా ‘ఏమండీ’ అనే పిలిచేది.

మొగుడు పైడిరాజు ఒకప్పుడు కొల్లేట్లో వల వేసి బతికినవాడే. సరస్సు చేపల చెరువులుగా చీలిపోయాక, తన తాతలు వేటాడిన నీళ్ళలోనే ఇంకొకరి చేపలకు మేత వేసే కూలీ అయ్యాడు. సైకిలు మీద తవుడు బస్తా వేసుకుని గట్టు వెంట నడిపించుకుపోయేవాడు. పార్టీల గొడవ అతనికి పట్టేది కాదు. ఎవరు కండువా కప్పినా కప్పించుకుని, మధ్యాహ్నం చెరువు దగ్గర దాంతోనే మొహం తుడుచుకునేవాడు.

అసెంబ్లీ ఎన్నికల ప్రచారం మంచి జోరు మీదుంది. ఎండ మాడ్చేస్తోంది. పెద్దింటమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని చెరువు గట్టు మీద నడుస్తోంది. కాస్త ముందు పైడిరాజు బస్తా సైకిలు తోసుకుంటూ పోతున్నాడు. అధికార పార్టీ మోటారుసైకిళ్ళ ఊరేగింపు హారన్లు కొట్టుకుంటూ దాటిపోయింది. దాన్ని అందుకోవాలని వెనకాలే ఒక జీపు దూసుకొచ్చింది. గట్టేమో ఇరుకు. బస్తా బరువుతో సైకిలు పక్కకు జరగలేదు. జీపు పైడిరాజును ఎత్తి పడేసి, కాలి మీదుగా ఎక్కి ముందుకు పోయింది.

కొంచెం దూరంలో జీపు ఆగినంత పని చేసింది. డ్రైవరు సీట్లోంచి ఒక మొహం వెనక్కి తిరిగింది. బుచ్చిబాబు. మండలంలో అధికార పార్టీకి పెద్ద తలకాయ. మొన్ననే ఇంటికొచ్చి “అక్కా, ఓటు మనకే” అని చేతులు పట్టుకున్న మనిషి. పెద్దింటమ్మను చూశాడు, కింద పడ్డవాణ్ణి చూశాడు. జీపు వెళ్ళిపోయింది.

ఊరేగింపులో వెనకబడ్డ బళ్ళు ఒక్కొక్కటే పక్క నుంచి పోయాయి. అన్నిటికన్నా చివర్న చేపల వ్యాను వస్తోంది. దాని యజమాని శ్రీహరిది పక్క వీధి. అతనిదీ బుచ్చిబాబు పార్టీయే. పోలింగు రోజున ఆ పార్టీ ఏజెంటుగా కూర్చునేది అతనే. అయినా వ్యాను ఆపి దిగాడు. మెడలో పార్టీ కండువా తీసి పైడిరాజు తొడకు బిగించి కట్టాడు. ఐసు పెట్టెలు గట్టు మీదే దింపేసి, మనిషిని వ్యాన్లో పడుకోబెట్టాడు. ఏలూరు పెద్దాసుపత్రికి పోయేదాకా పెద్దింటమ్మ ఒళ్ళో మొగుడి తల ఉంది. ఏలూరు కనిపిస్తుండగా ఆ తల బరువెక్కింది. ఆమెకు తెలిసిపోయింది. అయినా శ్రీహరికి చెప్పలేదు. చెబితే వ్యాను ఆపేస్తాడేమోనని భయపడింది.

సర్కిల్ ఇన్స్పెక్టరు కోదండరామయ్య చాలా మర్యాదస్తుడు. ఎండుచేపల ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

“చూడండమ్మా, ఎలక్షన్ కోడ్ నడుస్తోంది. ఇప్పుడు నేను బుచ్చిబాబుగారి పేరు రాశాననుకోండి, పోలీసులు ప్రతిపక్షానికి కొమ్ము కాస్తున్నారంటారు. మేం ఎటూ మొగ్గకూడదు కదా. పోలింగు కానివ్వండి, అన్నీ సవ్యంగా చేద్దాం.”

“మరి ఇప్పుడేం రాస్తారండీ?”

“గుర్తు తెలియని వాహనం అని.”

“నేను గుర్తు పట్టాను కదండీ.”

“మీరు పట్టారమ్మా. కేసు ఇంకా పట్టలేదు.”

ఆయన అంత నెమ్మదిగా చెబుతుంటే ఆమెకు ఎదురు చెప్పాలనిపించలేదు. వేలిముద్ర వేసి వచ్చేసింది. ఎటూ మొగ్గనివాడు దొరకడం అదృష్టమేనేమో అని కూడా అనుకుంది.

పెద్దకర్మ రోజున ప్రతిపక్ష అభ్యర్థి ఫణీంద్ర పదిమంది మనుషుల్నీ, కెమెరాల్నీ వెంటేసుకుని ఇంటికొచ్చాడు. చాప మీద ఆమె పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

“మేం రాగానే ఈ కేసు మళ్ళీ తీయిస్తానమ్మా. మీ ఆయన్ని చంపినవాడు ఎంతటివాడైనా సరే, వదిలే ప్రసక్తే లేదు.”

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. వారం తిరక్కుండా ఆ ఏడుపు మొహం ఫ్లెక్సీ ఎక్కి భీమడోలు సెంటర్లో నిలబడింది. దాని కిందే గంప దింపుకుని ఎండు రొయ్యలు అమ్మింది పెద్దింటమ్మ. కొనేవాళ్ళు పైకి చూసి, ఆమె వంక చూసి, అయ్యో పాపం అని, మళ్ళీ మామూలుగా బేరమాడేవారు. ఆమెకేమీ తప్పనిపించలేదు. తన మొహం చూసి నాలుగు ఓట్లు పడితే పడనీ, న్యాయం జరిగితే చాలనుకుంది. ఆమె ఓటూ ఫణీంద్రకే వేసింది.

ఫణీంద్ర గెలిచాడు, ప్రభుత్వమూ మారింది. గెలిచిన కొత్తల్లోనే ఆమెను పిలిపించి ఊరి అంగన్‌వాడీలో ఆయాగా వేయించాడు. ఎండలో గంప మోసే బాధ తప్పింది. పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి పెట్టే పని ఆమెకు నచ్చింది. కేసు సంగతి అడిగితే “చూస్తున్నామమ్మా” అన్నారు.

నెల తిరిగేసరికి బుచ్చిబాబు పాత కండువా తీసేసి, ఫణీంద్ర చేతుల మీదుగా కొత్త కండువా కప్పించుకున్నాడు. పెద్దింటమ్మ ఆ బొమ్మ అంగన్‌వాడీ టీచరు ఫోన్లో చూసింది. గిన్నెలో గుడ్ల నీళ్ళు ఇగిరిపోయి మాడు వాసన వచ్చేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.

తర్వాత స్టేషను నుంచి పిలుపొచ్చింది. ఈసారి జీపే పంపించారు. అదే గది, అదే కోదండరామయ్య. ప్రభుత్వం మారినా ఆయన కుర్చీ మారలేదు.

“కూర్చోండమ్మా. మీ కేసు తీశాం. బండి దొరికింది, బండిలో రక్తపు మరకలు కూడా దొరికాయి.”

“జీపు దొరికిందాండీ?”

“వ్యానమ్మా. శ్రీహరిది.”

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచింది.

“ఆ రక్తం... ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పటిదండీ. కాలికి కట్టు కట్టింది కూడా ఆయనే.”

“గుద్దినవాళ్ళే భయపడి ఆసుపత్రికి తీసుకెళతారమ్మా. మా సర్వీసులో ఇలాంటివి చాలా చూశాం. మీ ఆయన వేరే పార్టీకి పని చేస్తున్నాడని కక్ష.”

“మా ఆయన ఏ పార్టీకీ పని చెయ్యలేదండీ. గుద్దింది బుచ్చిబాబు. అప్పుడే చెప్పాను కదండీ మీకు.”

కోదండరామయ్య నిట్టూర్చాడు. “అప్పుడు మీరు దుఃఖంలో ఉన్నారు. ఏది చూశారో, ఎవరిని చూశారో మీకే తెలీదు.”

“ఎన్నికలు కదా ఆగమన్నారు. అయిపోయాయి కదండీ ఎన్నికలు!”

“అయిపోయాయి కనకేనమ్మా ఇప్పుడు చేస్తున్నాం. ఎమ్మెల్యేగారికి మీరంటే ఎంతో అభిమానం. ఆయా పని కూడా ఇప్పించారు. మేజిస్ట్రేటుగారి ముందు గుద్దింది వ్యానని ఒక్క మాట చెప్పి వచ్చేస్తే సరిపోతుంది.”

మర్నాడే శ్రీహరిని తీసుకుపోయారు. వ్యానును స్టేషను వెనక పడేశారు. సాయంత్రం శ్రీహరి భార్య నాగరత్నం అంగన్‌వాడీకి వచ్చింది. గుమ్మం లోపలికి రాలేదు.

“నీ మొగుణ్ణి బండెక్కించినందుకా అక్కా? అందరూ పక్క నుంచి పోయారే, వాళ్ళలా పోయుంటే ఈపాటికి మా ఆయన ఇంట్లో అన్నం తింటూ ఉండేవాడు.”

“నేను చెప్పలేదండీ నాగరత్నం, అమ్మవారి మీద ఒట్టు.”

“చెప్పకపోతే మరి ఈ పని ఎవరిచ్చారు?”

నాగరత్నం వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆమెకు కూడు సహించలేదు. నాగరత్నం తిట్టి ఉంటే పడి ఊరుకునేది. తిట్టకుండా అడిగి వెళ్ళిపోవడమే మనసులో గుచ్చుకుంది.

ఏలూరు కోర్టుకు పోలీసు జీపులోనే తీసుకెళ్ళారు. దారి పొడుగునా కోదండరామయ్య ఏం చెప్పాలో మళ్ళీ మళ్ళీ చెప్పాడు. గడప దగ్గర మాత్రం ఆయన ఆగిపోవలసి వచ్చింది. లోపల మేజిస్ట్రేటు, ఒక గుమాస్తా తప్ప ఎవరూ లేరు. మేజిస్ట్రేటు చిన్న వయసావిడ. “ఎవరైనా బెదిరించారా? భయపడకుండా చూసింది చూసినట్టు చెప్పండి” అంది.

చెప్పబోతుంటే పెద్దింటమ్మకు ఆయా పని గుర్తొచ్చింది. ఎండలో గంప గుర్తొచ్చింది. గట్టు, సైకిలు, జీపు, వెనక్కి తిరిగిన మొహం అన్నీ వరసగా చెప్పింది. స్టేషన్లో మొదటి రోజు ఏం చెప్పిందో, కోదండరామయ్య ఏమన్నాడో కూడా చెప్పింది. గుమాస్తా ఒక్కసారి రాయడం ఆపి తలెత్తి చూశాడు. “రాయండి” అంది మేజిస్ట్రేటు.

బయటికి రాగానే కోదండరామయ్య ఎదురొచ్చాడు.

“చెప్పారా అమ్మా?”

“చెప్పానండీ. జీపని చెప్పాను. బుచ్చిబాబని చెప్పాను.”

ఆయన మొహంలో కోపం కనబడలేదు. టోపీ సర్దుకుని “మంచిదమ్మా” అన్నాడు. జీపు ఆమెను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. కొత్త బస్టాండు దాకా నడిచి, భీమడోలు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో ఇల్లు చేరింది.

శ్రీహరికి బెయిలొచ్చింది. కొన్నాళ్ళకు అతని పేరు కేసులోంచి తీసేశారు. ఆ ఖాళీలో బుచ్చిబాబు పేరు వస్తుందని ఎదురు చూసింది పెద్దింటమ్మ. రాలేదు. ఒక్కరి మాట తప్ప వేరే ఆధారం లేదనీ, బుచ్చిబాబు ఆ సమయంలో తాడేపల్లిగూడెంలో పెళ్ళిలో ఉన్నట్టు పదిమంది చెప్పారనీ, నిందితులెవరో తేలలేదు కనక కేసు మూసేస్తున్నామనీ పోలీసులు చెప్పారు. మళ్ళీ గుర్తు తెలియని వాహనం దగ్గరికే వచ్చి ఆగింది. కోదండరామయ్యకు ఏలూర్లో మంచి పోస్టింగు వచ్చింది.

ఆమె ఆయా పని పోయింది. చెరువుల వాళ్ళు ఎండబెట్టుకోవడానికి చేపలివ్వడం మానేశారు. ఎవరూ కాదనలేదు. “లేవమ్మా, అయిపోయాయి” అనేవాళ్ళు. ఉంగుటూరు వైపు వరి కలుపుకు కూలికి పోవడం మొదలుపెట్టింది. నీళ్ళలో పుట్టి పెరిగిన మనిషే అయినా, ఆ బురదలో నడుం వంచడం ఆమెకు చేతకాలేదు. చిన్నపిల్లలు కూడా తమ వరస మునం ముగించి ఆమెను దాటిపోయేవాళ్ళు.

ఎదురైతే నాగరత్నమే తల వంచుకుని పోయేది. శ్రీహరి ఎప్పుడూ పలకరించలేదు. తుప్పు పట్టిన వ్యాను విడిపించుకుని సగానికి అమ్మేసుకున్నాడని విన్నది.

మళ్ళీ ఊళ్ళో పంచాయతీ ఎన్నికల మాట మొదలైంది. ఒక ఆదివారం పొద్దున్న పాత అధికార పార్టీ మనుషులు నలుగురు ఆమె ఇంటికొచ్చారు. వాళ్ళలో శ్రీహరి ఉన్నాడు. అతను అరుగు దగ్గరే నిలబడ్డాడు.

“భీమడోల్లో మీటింగు పెడుతున్నామండీ” అన్నాడు వాళ్ళలో పెద్దాయన. “మీరు స్టేజీ ఎక్కి బుచ్చిబాబు చేసిన ఘాతుకం చెప్పాలి. పోలీసులు వాళ్ళ మనిషిని ఎలా కాపాడారో జనానికి తెలియాలి.”

“వాళ్ళ మనిషాండీ?” అంది పెద్దింటమ్మ. “జీపు తోలిన రోజున మీ మనిషేగా. అప్పుడు మీరొక్కరూ నోరెత్తలేదే?”

పెద్దాయన ఇబ్బందిగా నవ్వాడు. “అప్పటి పరిస్థితులు వేరండీ. ఎన్నికల వేళ మనవాళ్ళ మీద మనమే ఎలా చెప్పుకుంటాం?”

ఆమె శ్రీహరి వైపు తిరిగింది. “మీరు కూడా ఇందుకేనా వచ్చింది?”

అతను తలెత్తలేదు. “బండి పోయిందక్కా” అన్నాడు నెమ్మదిగా. “వీళ్ళు వస్తే కొత్తది ఇప్పిస్తామన్నారు. నువ్వు చెబితే ఊళ్ళో నాలుగు ఓట్లు వస్తాయంట.”

అతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. మొగుడి తొడకు కట్టు కట్టిన చేతులు అవే. ఆ రోజు కింద పడ్డవాడు ఏ పార్టీవాడని అడగకుండా ఎత్తుకున్నాడు. ఇప్పుడు అదే మనిషి నాలుగు ఓట్ల కోసం గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిగా చూడటం ఆమె వల్ల కాలేదు.

“చెప్పాల్సిన చోట చెప్పేశానండీ” అంది. “అక్కడ రాసుకున్నారు కూడా. ఇంక నేను ఎక్కడా చెప్పను.”

పెద్దాయన ఇంకేదో అనబోయాడు. ఉంగుటూరు పోయే కూలీల ఆటో వీధి మొగలో హారన్ కొట్టింది. పెద్దింటమ్మ తలుపు దగ్గరకు లాగి గొళ్ళెం పెట్టి, వాళ్ళ మధ్య నుంచే నడిచి వెళ్ళిపోయింది. వాళ్ళు పక్కింటి తలుపు తట్టారు.