నేను తుడిచేసిన వీడియో

దయ్యాల మాట ఎవరెత్తినా నాకు ఒళ్లు మండేది. కామారెడ్డి బస్టాండు దగ్గర లాప్‌టాప్‌లు బాగుచేసేవాణ్ని. దానంతటదే ఆన్ అవుతోందని, ఎవరో లోపల టైపు చేస్తున్నారని చాలామంది భయపడుతూ తెచ్చేవారు. విప్పి చూస్తే బొద్దింకో, వదులైన వైరో ఉండేది. కారణం లేకుండా ఏదీ జరగదు, కనపడకపోతే అది నీ చేతగానితనం అని అందరికీ పాఠం చెప్పేవాణ్ని.

ఇప్పుడు చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో రాస్తున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు, ముందే చెబుతున్నా.

2012లో, వానలు వెనకబట్టిన రోజులు. ఎల్లారెడ్డి దగ్గరి ఒక పల్లె నుంచి స్వరూప అనే ఆమె లాప్‌టాప్‌ను పాత చీరముక్కలో చుట్టుకొని దుకాణానికి వచ్చింది. మూత తెరిస్తే స్క్రీన్ ఈ మూల నుంచి ఆ మూల దాకా పగిలి ఉంది. సగం నలుపు, సగం తెల్ల గీతలు.

ఆమె భర్త నర్సింలు దుబాయిలో కూలి పని చేసేవాడు. మూడేళ్లు ఇంటికి రాలేదు, చివరికి వచ్చింది పెట్టెలో. పెట్టె తెరవొద్దని పెద్దమనుషులు అన్నారట. ముఖం కూడా చూడకుండానే కార్యం అయిపోయింది. నెల తర్వాత, అక్కడ అతని రూంలోనే ఉండే పోశెట్టి అనే తాడ్వాయి మనిషి సెలవు మీద వచ్చి, నర్సింలు సామాను ఇవ్వడానికి ఎల్లారెడ్డి వెళ్లాడు. బస్సు దిగేటప్పుడు సంచి పిడి తెగి లాప్‌టాప్ కింద పడింది.

చనిపోయే ముందు రోజు నర్సింలు బిడ్డతో మాట్లాడుతున్నట్టు ఒక వీడియో తీసుకున్నాడని, నెట్ దొరకక పంపలేదని పోశెట్టి చెప్పాడట. ఆ బిడ్డకు నాలుగేళ్లు. తండ్రి ముఖం ఎరుగదు. స్వరూపకు కావలసింది ఆ వీడియో ఒక్కటే.

“స్క్రీన్ ఒక్కటి ఏసియ్యి అన్నా. లోపల ఆయన మాటలున్నయి, జెర పైలం” అంది.

నేను ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ తల ఊపాను. చీటీ మీద స్క్రీన్ అని రాసి పక్కన పడేశాను.

అప్పట్లో మా దుకాణాల్లో ఒక అలవాటు ఉండేది. గల్ఫ్ నుంచి వచ్చిన మెషీన్ అంటే పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు, పైగా బోలెడు వైరస్. అందుకని అది ఏ రోగంతో వచ్చినా సరే, ఫార్మాట్ కొట్టి, అంటే లోపలున్నదంతా తుడిచేసి, విండోస్ కొత్తగా వేసి, మర్యాదకు నాలుగు సినిమాలు, కొన్ని పాటలు నింపి ఇచ్చేవాళ్లం. జనం సంబరపడేవాళ్లు.

హైదరాబాద్ నుంచి స్క్రీన్ తెప్పించి బిగించాను. ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడిగింది. ఇక నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పాటలు కాపీ అవుతుంటే చాయ్ తాగుతూ కూర్చున్నాను. సగం గ్లాసు దగ్గర ఆమె మాట గుర్తొచ్చింది.

రెండు రోజులు తలకిందులుగా తపస్సు చేశాను. పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్లన్నీ నడిపాను. ఒక్క ముక్క దొరకలేదు. చచ్చినవాడి మాటల మీద ఐటం పాటలు పోసిన మొనగాణ్ని నేను!

లాప్‌టాప్ తీసుకుపోవడానికి ఆమె వచ్చిన రోజు నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. “ఇక్కడ్నే ఒక్కసారి జూస్తనే” అని బతిమాలింది. కరెంటు లేదు, బ్యాటరీ దిగిపోయింది, ఇంటికి పోయి చార్జింగ్ పెట్టి చూసుకొమ్మన్నాను. కరెంటు ఉంది. ఆమె మెట్లెక్కడం చూసి మెయిన్ స్విచ్చి ఆపింది నేనే. సిగ్గులేని పని.

ఆమె తరఫువాళ్లు వచ్చి గల్లా పట్టి నిలదీస్తారని వారం రోజులు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. పదో రోజు ఆమే వచ్చింది, చేతిలో సీతాఫలాల సంచి.

“మంచిగ అగుపడ్తుండు అన్నా” అంది.

ఎగతాళి చేస్తోందేమోనని ముఖం చూశాను. కాదు. నర్సింలు రెండంతస్తుల ఇనుప మంచంలో కింది దాని మీద కూర్చున్నాడట, భుజాన ఎర్ర తువ్వాల. మాట్లాడుతుంటే పై మంచం మీది దిండు వచ్చి నెత్తిన పడిందట, పకపకా నవ్వాడట. అత్త, బిడ్డ రోజూ చూస్తున్నారట. ఇదంతా చెప్పి కాసేపు ఊరికే నిలబడింది. నేను పండ్లు బాగున్నాయన్నాను. వెళ్లిపోయింది.

మర్నాడు ఎల్లారెడ్డి బస్సెక్కాను. దారిలో తాడ్వాయిలో దిగి పోశెట్టి ఇల్లు కనుక్కున్నాను. ఆ వీడియో కాపీ ఇంకెక్కడో ఉండి ఉంటుందని నా అనుమానం.

“నా కాడ ఏంలేదన్నా. నాది గీ డబ్బా ఫోనాయె” అన్నాడు. వీడియోలో ఏముందో గుర్తుందా అంటే ఎర్ర తువ్వాల చెప్పాడు, దిండు చెప్పాడు. “గా దిండు నాదే. పైన పండుకొని నేనే తన్నిన.” స్వరూపకు ఈ సంగతి చెప్పావా అని అడిగాను. ఏడుస్తుందని చెప్పలేదన్నాడు.

స్వరూప ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. స్క్రీన్ ఒకసారి చెక్ చేసి పోతానన్నాను. ఆమె లాప్‌టాప్‌ను పీట మీద పెట్టి తెరిచింది. అత్త, పిల్ల వచ్చి కూర్చున్నారు. నాకు కనపడింది విండోస్‌తో వచ్చే పచ్చని గుట్ట బొమ్మ, పక్కన నా పాటల ఫోల్డర్. ఆమె ఏదీ నొక్కలేదు.

ముగ్గురూ చూస్తున్నారు. ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. కొంతసేపటికి ముగ్గురూ ఒక్కసారే పెద్దగా నవ్వారు. పిల్ల రెండుసార్లు “ఆఁ నాయినా” అని పలికింది. నాకు లోపలి చిన్న ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అడిగి తీసుకొని డిస్క్ అంతా గాలించాను. నేను నింపిన చెత్త తప్ప ఏమీ లేదు.

ముగ్గురూ కూడబలుక్కున్నారా? నాలుగేళ్ల పిల్లతోనా? పోనీ, దుఃఖంలో అట్లా అనిపిస్తుంది అనుకుందాం. మరి దిండు సంగతి వాళ్లకు ఎవరు చెప్పినట్టు?

స్వరూప ఆటో దాకా సాగనంపింది. ఆటో కదలబోతుంటే, నెమ్మదిగానే అంది: “అన్నా, నువ్వు తుడిపేసినవని ఆయన మొదటి దినమే చెప్పిండు. కావాలని చెయ్యలేదు, ఏమనకు అన్నడు. నాకే మనసొప్పలే. నీ నోటితోని ఒక్క మాట ఇందామని నిన్న నీ దుకాణంల అంతసేపు నిలవడ్డ.”

ఆ వీడియో అతను చనిపోయే ముందు రోజు తీసుకున్నది. నేను ఫార్మాట్ కొట్టింది ఆ తర్వాత నెలల కొద్దీ గడిచాక. ఈ రెండింటినీ ఎట్లా కలపాలో నాకు ఇవాళ్టికీ తెలియదు. దుకాణంలో నేను ఒంటరిగా ఉన్నప్పుడు చేసిన పని అది. ఎవరికీ చెప్పలేదు.

చనిపోయినవాడు నన్ను మన్నించాడంటే నేను నమ్మను. నమ్మకపోతే ఆమెకు ఎట్లా తెలిసిందో చెప్పలేను. ఆ రోజు ఆటోలో కూర్చొని ఆమె ముఖం వైపు చూస్తూనే, పోనిమ్మని డ్రైవర్‌కు చెప్పాను. ఆ ఒక్క మాట ఆమెకు ఇప్పటికీ బాకీనే.