మరియం గోత్రం

ఈ రోజు శుక్రవారం సెలవు కదా అని, పాత మస్కట్‌లో సముద్రం దగ్గరున్న శివాలయానికి పొద్దున్నే వెళ్లాను. జనం లేరు. నా ముందు ఒకావిడ కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. రాజోలు నుంచి వచ్చి ఇక్కడ ఒక ఒమానీ ఇంట్లో పనిచేస్తోందట. పూజారి గారిది గుజరాత్, ఆవిడకు హిందీ అంతంతమాత్రం. మధ్యలో మాట అందించడం నా వంతయింది.

ఎవరి పేరున పూజ అని ఆయన అడిగారు.

“మరియం అండి. మా మేడం గారి పాప. రేపు గొంతుకి ఆపరేషనండి.”

ఆయన అలవాటుకొద్దీ గోత్రం కూడా అడిగేశారు. నాకు నవ్వొచ్చింది. “వాళ్లకి గోత్రాలుండవు కదా, వదిలెయ్యమని చెప్పనా?” అన్నాను.

ఆవిడ కంగారు పడిపోయింది. “అమ్మో, వద్దండి! గోత్రం చెప్పకపోతే ఏ పిల్లో దేవుడికి ఎలాగ తెలుస్తాదండి? మా పైడిపాల చెప్పేయండి. నెలల పిల్లప్పటి నుంచీ నా పక్కలోనే పడుకుంటాదండి.”

నా నవ్వు ఆగిపోయింది. అదే హిందీలో చెప్పాను. పూజారి గారు పైడిపాల గోత్రాన్నీ మరియం పేరునూ మంత్రంలో కలిపేశారు.

బయటికొచ్చాక ఆవిడ కుంకుమ పొట్లం నా చేతిలో పెట్టింది. “ఆ ఇంట్లోకి తీసుకెళ్లలేనండి. పాపకి తగ్గేదాకా మీ దేవుడి దగ్గర ఉంచండి.”

ఇప్పుడది మా వంటింటి అలమరలో, దీపం పక్కన ఉంది. మీరూ ఓ దండం పెట్టుకోండి. గోత్రం అడిగితే పైడిపాల అని చెప్పండి.