పదకొండో మాట

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. పునర్జన్మ మీద అంతకంటే తక్కువ. పొలాల కొలతలు, బావుల లోతులు, గడ్డివాముల పరిమాణం లెక్క వేసి చెప్పడం ఆత్మకూరులో నా పని. బడిచదువు పదో తరగతితో ఆగింది. మిగతా లెక్కలు పాత పుస్తకాలు కొనుక్కుని నేనే నేర్చుకున్నాను. కొలవనిదాన్ని అవుననడం నాకు చేతకాదు. ఇప్పుడు రాస్తున్నది కూడా నమ్మి రాయడం లేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ఐదేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయం నుంచి ఒక మేడమ్ వచ్చారు. పోయిన జన్మ గుర్తుందని చెప్పే పిల్లల మీద ఆమె పరిశోధన. మర్రిపాడు వైపు ఒక పల్లెలో, గొర్రెలు మేపుకునే ఇంట్లో, నాలుగేళ్ల పాప అలా మాట్లాడుతోందని ఆమెకు తెలిసింది. తోడుగా ఊళ్లు తెలిసినవాడు కావాలంటే ఎవరో నా పేరు చెప్పారు.

ఆమె పద్ధతి నాకు నచ్చింది. పాప చెప్పిన ప్రతి మాటకూ నంబరు, తేదీ వేసి ముందే రాయాలి. ఆ తర్వాతే విచారణ. విచారించాక, ముందు రాసినదాంట్లో ఒక్క అక్షరం దిద్దకూడదు.

పాప తల్లిని రమణమ్మ అంటాను. పేర్లన్నీ మార్చాను. మేము వెళ్లడం ఆమెకు ఇష్టం లేదు. మేడమ్ పక్కకు వెళ్లగానే నన్ను పట్టుకుంది.

"పోయిన జన్మ తలుచుకునే బిడ్డ ఎక్కువ కాలం నిలవదంటారన్నా. రేపు ఎవురో వచ్చి మా బిడ్డేనంటే నేనేం చేసేది? నువ్వు లెక్కలోడివంట గదా. అంతా తప్పని తేల్చి పో."

తేలితే రాస్తానన్నాను.

మొత్తం పద్నాలుగు మాటలు రాశాను. తన పేరు వెంగమ్మ అనీ, తమ్ముడు పెంచలయ్య అనీ, ఇల్లు సోమశిల డ్యాం నీళ్ల కింద ఉందనీ ఇలాంటివి. మునిగిన ఊరి పేరు కూడా చెప్పింది కాబట్టి పెంచలయ్య దొరకడం కష్టం కాలేదు. ఆత్మకూరు దగ్గర ముంపు కాలనీలో ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. ఆయన అక్క వెంగమ్మ ఈ పాప పుట్టడానికి రెండేళ్ల ముందు పోయింది.

ఎనిమిది మాటలు కలిశాయి. మూడు తప్పు. రెండు తేల్చలేనివి. ఆ ఎనిమిదింటినీ నేను లెక్కలోకి తీసుకోలేదు. వెంగమ్మ, పెంచలయ్య లేని ఊరు మా వైపు ఉండదు. ముంపువాళ్లు పాప ఊళ్లోనూ ఉన్నారు. పిల్లలు వింటారు.

మిగిలింది పదకొండో మాట. "మా జీవాల చెవి కోత నాకు తెలుసు."

మందలు కలిసిపోయినా ఎవరి గొర్రె ఏదో తెలియడానికి ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రకంగా చెవులు కోస్తారు. కొన, ముందంచు, వెనకంచు, నడుమ రంధ్రం. చెవికి నాలుగు చోట్లు, రెండు చెవులకు ఎనిమిది. కోయడం, కోయకపోవడం కలిపి లెక్కేస్తే రెండు వందల యాభై ఆరు రకాలు. ఊహకు అందేది కాదు కాబట్టి దీన్నే అసలు పరీక్ష అనుకున్నాను.

పెంచలయ్యను వెతకకముందే, ఇంకా చెవి కోయని ఒక గొర్రెపిల్లను పాప ముందు నిలబెట్టి కోత ఎక్కడో చూపమన్నాను. దానికి ఎదురుగా కూర్చుని దాని కుడి చెవి ముందంచు, ఎడమ చెవి కొన ముట్టుకుంది. గొర్రెపిల్లను అటు తిప్పి మళ్లీ అడిగితే మళ్లీ అవే చెవులు. నవ్వుతూ "నాయన తిట్టినాడు" అంది. వాళ్ల నాయన ఏదో అని ఉంటాడనుకుని ఆ మాటకు నంబరు వేయలేదు. పక్కన మార్జిన్‌లో మాత్రం రాసుకున్నాను.

పెంచలయ్య ఇంటి కోత వేరు. ఎడమ చెవి ముందంచు, కుడి చెవి కొన. పదకొండో మాటకు ఎదురుగా "కలవలేదు" అని రాశాను.

ఆ సంగతి చెప్పగానే రమణమ్మ ముఖం తేటపడింది. పెద్ద చెంబుతో మజ్జిగ ఇచ్చింది. "లెక్కంటే అదన్నా," అంది.

నెల తర్వాత, పెంచలయ్య చెప్పిందంతా ఆయనకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవడానికి వెళ్లాను. ఒక పాప ఉందని ఆయనకు తెలుసు గానీ, ఆమె ఏం చూపిందో అప్పటికీ చెప్పలేదు. చెవి కోత దగ్గరికి రాగానే తనంతట తానే నవ్వాడు.

"ఆ కోత తప్పింది ఒక్క గొర్రెపిల్లకే అబ్బయా. అక్కకు పన్నెండేళ్లు, నాకు తొమ్మిది. నాయన లేనప్పుడు నేనే కోస్తానని కూచునింది. ఎనకనించి కాళ్ల సందున ఇరికించుకోని కొయ్యాల. అక్క ఎదురుగా కూచునింది. రెండు చెవులూ తారుమారు. నాయన తిట్టిన తిట్లు ఈ పొద్దుకీ మరిచిపోలా."

"తర్వాత?"

"ఇంకోరి గుర్తుండే జీవం మందలో ఉంటే దొంగోళ్లంటారు గదా. ఆ వారమే ఉదయగిరి సంతకు తోలేసినాడు. ఎవురికీ చెప్పొద్దన్న్యాడు. నేనూ చెప్పలా, అక్కా చెప్పలా. అక్కే పోయినాక ఇంక దాచి ఎవురికి లాభం?"

నోట్‌బుక్ తెరిచి చూశాను. చేతిరాత నాది. తేదీ నెల కిందటిది. ఎదురుగా, కుడి ముందంచు, ఎడమ కొన, నాయన తిట్టినాడు.

పెంచలయ్య నా ముఖం చూస్తున్నాడు. పాప ఏ ఊళ్లో ఉందని అడగలేదు. "బాగుండాదా ఆ బిడ్డ?" అన్నాడు.

బాగుందన్నాను. తల ఊపి వేలిముద్ర వేశాడు.

ఇదంతా మేడమ్‌కు చెప్పాను. ఆమె వేరే కాగితం మీద రాసుకుని, పాతది దిద్దవద్దన్నారు. అడిగింది ఇంటి కోత, అది కలవలేదు. అందుకని పదకొండో మాట ఇప్పటికీ అలాగే ఉంది. రమణమ్మకు నేను ఏమీ చెప్పలేదు.

పోయిన వేసవిలో ఆ పల్లెలో పొలం కొలవడానికి వెళ్లాను. పాపకు తొమ్మిదేళ్లు. పాత మాటలేవీ గుర్తు లేవట. దొడ్లో గొర్రెపిల్లను వెనకనుంచి కాళ్ల మధ్య ఇరికించుకుని చెవి కోస్తోంది. పక్కన వాళ్ల నాయన ఉన్నాడు. నేను ఉండబట్టలేక, ఎదురుగా కూర్చుని కోస్తే ఏమవుతుందని అడిగాను.

"తారుమారవదా సారూ? నాయన తిడతాడు," అంది, తల ఎత్తకుండానే.

"నేనెప్పుడు తిట్టినానే నిన్ను?" అని వాళ్ల నాయన నవ్వాడు.

రమణమ్మ నవ్వలేదు. మజ్జిగ చెంబు చేతిలో పట్టుకుని నా వైపే చూస్తోంది, ఏమైనా రాస్తానేమోనని. నా జేబులో పెన్ను ఉంది. తీయలేదు. ఆ రెండు వందల యాభై ఆరును ఎన్ని రకాలుగా తిప్పి చూసినా, ఇది ఎక్కడ ఇముడుతుందో నాకు ఈ రోజుకీ తేలలేదు.