ఉఫ్ బాషా దమ్ము

మా నూర్ బాషా మామకు ఉన్నది ఒకటే జబ్బు. చేతికందిన ప్రతి వస్తువు మీదా ఊదుతాడు. ఏదో దుమ్ము దులిపినట్టు ఊదితే జబ్బని ఎందుకంటాను? ముందు ఆ వస్తువును రెండు చేతుల్లోకి తీసుకుంటాడు. కళ్ళు అరమూస్తాడు. మీసాల కింద పెదవులు కాసేపు కదుపుతాడు. బుగ్గలు పూరీల్లా పొంగించి "ఉఫ్" అంటాడు. ఆపైన తల పంకించి తీర్పు చెబుతాడు.

"దమ్ముంది."

దాంతో ఆయన అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆదోనిలో అందరికీ ఆయన ఉఫ్ బాషానే.

పాలతో మూతి కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు. మామకు ఏ పాలతోనూ మూతి కాలలేదు. అయినా మజ్జిగ ఊదుతాడు, ఐస్ ముక్క ఊదుతాడు, తాళం కప్ప ఊదుతాడు. ఎమ్మిగనూరులో అమీనా బీ అత్తకు నేత చీర కొనబోయి, మడత విప్పి మరీ ఊదాడు. అంగడి ఆదెప్ప ఓపిక పట్టలేక అడిగాడు.

"ఏం బాషన్నా, సీరె కట్టుకునేకా, పొయ్యి రాజేసేకా?"

"దమ్ముంది, కట్టియ్యప్పా" అన్నాడు మామ, ఏమీ విననట్టు.

ఈ సంగతి అత్త ముందు ఎత్తితే ఆమె ఇంకొకటి బయటపెడుతుంది. "సీరె సంగతి ఇడువు పాపా. నికా అయినంక మొదటిసారి నా ముసుగు తీసి, మొగం మీద ఉఫ్ అన్యాడు. నేను పొగ పట్టిన లాంతరు మాదిరి ఉన్యానేమో అని ఏడ్సినా!"

ఆయనది పరుపుల అంగడి. కింద అంగడి, దాని వెనక ఇల్లు, మేడ మీద గదిలో బాడుగకు నేనూ మా అమ్మ ఎల్లమ్మా. మామ పొద్దంతా మిషన్లో దూది ఏకుతాడు. అత్త పొద్దంతా మామను ఏకుతుంది. దూది కొనేవాళ్ళు పింజను అరచేతిలో పెట్టుకుని ఊది చూడటం మా ఊళ్ళో మామూలే. ఆ అలవాటే ముదిరి చీరల దాకా వచ్చిందని ఊరంతా సరిపెట్టుకుంది.

అందరికీ అంతుపట్టనిది ఒకటే. ఆయన పరీక్షలో ఇంతవరకూ ఏ వస్తువూ ఫెయిల్ కాలేదు. పుచ్చు వంకాయలకూ దమ్ముంది, చిల్లు బిందెకూ దమ్ముంది. మా వీధి గోవిందన్న ఒకసారి కొత్త ఫ్యాన్ తెచ్చి ఊదించుకుపోయాడు. మర్నాడే అది కాలి కూర్చుంది. గోవిందన్న దాన్ని చంకలో పెట్టుకుని జగడానికి వచ్చాడు.

"ఏం బాషా, దమ్ముంది అంటివే! సూడు, బొగ్గయింది!"

"ఫ్యాన్ కాలింది. ఇల్లు కాలిందా?"

"ఇల్లు యాల కాలుతాది?"

"అదే నేను సెప్పేది. దమ్ముంది."

గోవిందన్న ఫ్యాన్ను మళ్ళీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అయినా ఆ మనిషే తర్వాత బైకు కొన్నప్పుడు నేరుగా మామ దగ్గరికే తోలుకొచ్చాడు. మా ఊరివాళ్ళ తిక్క కూడా తక్కువేం కాదు.

ఇక నా గొడవకు వస్తాను. నాది కంప్యూటర్లో ఇళ్ళ బొమ్మలు గీసే పని. ఇంకా పునాది కూడా పడని ఇంట్లో మనం తిరుగుతున్నట్టు వీడియో చేసి ఇస్తాను. బెంగళూరు కంపెనీ ఒకటి నాకు పరీక్షగా ఒక పెద్ద వీడియో ఇచ్చింది. గడువులోపల చేసిస్తే ఆదోనిలో కూర్చునే ఉద్యోగం. లేకపోతే వాళ్ళ ఆఫీసుకు పోయి, వాళ్ళ కంప్యూటర్ మీద చేయాలి. మా అమ్మకు బెంగళూరు బస్సును చూస్తేనే కడుపులో తిప్పుతుంది. ఆమెను వదిలి పోలేను, వెంట తీసుకుపోలేను.

అది మే నెల. మా మేడ గదిలో గోడ మీద చెయ్యి పెడితే రొట్టెల పెనం మీద పెట్టినట్టు ఉంటుంది. మధ్యాహ్నం కాగానే నా కంప్యూటర్ కాగిపోయి, చేస్తున్న పని చేస్తున్నట్టే ఆరిపోయేది. లోపలి ఫ్యాన్లు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాయి. ఇక నీళ్ళతో చల్లబరిచే ఏర్పాటు నేనే చేసుకుందామని తీర్మానించాను. అదే మొదటిసారి. మామకు తెలియకుండా మా ఇంట్లోకి చీపురు కూడా రాదు కాబట్టి ఆయనకు చెప్పాను.

"కంప్యూటర్ లోపలికి నీళ్ళా? ఎవురన్నా మందు పెట్టినారా పాపా నీకు?"

"నీళ్ళు పైపుల్లోనే తిరుగుతాయి మామా. వేడిని మోసుకొచ్చి రేడియేటర్లో వదుల్తాయి. ఫ్యాన్లు ఆ వేడిని బయటికి తోస్తాయి. ఏ రేడియేటర్ కొనాల్నో అదే తెలీడంల్యా."

"రేడియేటర్ అంటే మన దుర్గప్ప లేడా? లే, పోదాం పా."

దుర్గప్పది బైపాసు మీద లారీల రేడియేటర్లు బాగుచేసే షెడ్డు. టీ తాగుతూ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం బండి పాపా?"

"బండి కాదన్నా, కంప్యూటర్."

"సరేలే, ఎన్ని సక్రాలు?"

"సక్రాలు ఉండవన్నా!"

"అయితే ఎత్తుకొని పోవల్లనా?" అని జాలిపడి, లోపలినుంచి పాత ట్రాక్టర్ రేడియేటర్ ఈడ్చుకొచ్చాడు. "ఇది పెట్టుకో. మీ కంప్యూటర్తో మడి గూడా దున్నొచ్చు."

అది పెడితే కంప్యూటర్ గదిలో పట్టినా మేం పట్టం. పైగా అది అల్యూమినియం. నా చిప్పు మీద కూర్చునే దిమ్మె రాగిది. రాగినీ అల్యూమినియాన్నీ ఒకే నీళ్ళలో కలిపితే రెండూ జగడమాడుకుని లోపల తినేసుకుంటాయి. ఇదంతా నేను చెబుతూనే ఉన్నాను, ఈలోపు మామ దాన్ని ఎత్తి పట్టుకున్నాడు, పెదవులు కదిపాడు, ఉఫ్ అన్నాడు. ఎన్ని పంటల దుమ్మో అవతలివైపునుంచి లేచి దుర్గప్ప టీలో పడింది.

"దమ్ముంది" అన్నాడు మామ.

"దమ్ము టీలో ఉండాది" అన్నాడు దుర్గప్ప, గ్లాసు పారబోస్తూ.

చివరికి ఫోన్లోనే వెతికాను. రెండు నచ్చాయి. ఒకటి లావుది, పొట్టిది. దాని రేకులు పేల దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. వేడి ఎక్కువ లాగుతుందన్నారు, కానీ ఫ్యాన్లు గట్టిగా తోయాలి. రెండోది పలచనిది, పొడుగుది, రేకులు ఎడంగా ఉన్నాయి. మెల్లగా తిరిగే ఫ్యాన్లు చాలు, కానీ చోటెక్కువ కావాలి. నా మనసేమో లావుదాని మీదికే పోతోంది. ఫోటోలో నల్లగా నిగనిగలాడుతూ పోలేరమ్మ దున్నపోతులా ఉంది మరి! మాటవరసకు ఫోన్ మామకు చూపించాను.

మామ ఫోన్ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మామా, అది ఫోటో! ఫోటోను ఊదితే ఏం తెలుస్తాది?"

వింటేగా! ఉఫ్. తుంపర ఒకటి పోయి సరిగ్గా లావుదాని మీద పడింది, అది కాస్తా కొనే బుట్టలోకి దూకింది. శకునం కుదిరిందని నేనూ ఎగిరి గంతేసి ఆర్డర్ పెట్టేశాను.

పార్సిల్ వచ్చింది. వేడినీళ్ళతో కడిగి, బిగించి, పైపులు తగిలించి, కారుతుందేమోనని కింద కాగితాలు పరిచి చూసుకున్నాను. బొట్టు కూడా కారలేదు. మామ వచ్చి ఎప్పటిలా ఊదాడు, దమ్ముందన్నాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఎండాకాలమే లేనట్టు పనిచేసింది. నా అంత మొనగత్తె ఆదోనిలోనే లేదనుకున్నాను.

సాయంత్రం అయ్యేసరికి టప్పున ఆరిపోయింది.

మూత తీసి చూస్తే ఏముంది! రేడియేటర్ రేకుల మీద తెల్లగా, మెత్తగా, ఎవరో కొలత తీసి కుట్టినట్టు బుల్లి పరుపు. కింద మిషన్ ఏకిన దూది నూగంతా మెట్లెక్కి వచ్చి, ఆ దగ్గరి రేకుల్లో ఇరుక్కుని అట్టకట్టింది. ఆ రోజు చేసిన పనంతా పోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"దమ్ముంది అంటివి గదా మామా! యాడుంది దమ్ము? ఇట్లయితే నేను బెంగళూరు పోవాల్సిందే!" అని అరిచాను.

మామ రేడియేటర్ వైపు ఒకసారి, మెట్ల మీద కళ్ళు తుడుచుకుంటున్న మా అమ్మ వైపు ఒకసారి చూసి కిందికి దిగిపోయాడు. నేను కుంచెతో దూది గీకి, మళ్ళీ మొదటినుంచి పని మొదలుపెట్టాను.

మర్నాడు కింద మిషన్ చప్పుడు లేదు. తొంగి చూస్తే మామ గడప మీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

"మిషన్ కు ఏమైంది మామా?"

ఆయన మిషన్ వైపు చూడకుండా అన్నాడు. "దమ్ము లేదు."

ఆ మాట మధ్యాహ్నానికల్లా ఊరు చుట్టి వచ్చింది. ఉఫ్ బాషా నోట దమ్ము లేదనే మాటా! గోవిందన్న పరుగున వచ్చి, "బాషా, నా బండిని గూడా ఇంగొకసారి ఊది సూడు, భయమైతాండాది" అన్నాడు.

నాకు అదంతా పట్టించుకునే తీరిక లేదు. కంప్యూటర్ ఈసారి ఆరలేదు. వీడియో పూర్తయింది, గడువులోపల పంపాను, ఉద్యోగం వచ్చింది. మా అమ్మ వీధంతా చక్కెర పంచింది. మామ ఆ చక్కెరను కూడా ఊదే తిన్నాడు.

కానీ మిషన్ మాత్రం తిరగలేదు. అసలే పెళ్ళిళ్ళ కాలం. మంచం సామాన్లకని వచ్చినవాళ్ళంతా "దమ్ము లేదంటప్పా" అనుకుంటూ ఎమ్మిగనూరు బస్సెక్కుతున్నారు. నాకు మనసొప్పలేదు. మొదటి జీతంతో మామ మిషన్ బాగు చేయిద్దామని, ఆయన మసీదుకు పోయిన సమయం చూసి దుర్గప్పను పిలుచుకొచ్చాను.

దుర్గప్ప స్పానర్ సంచి దింపి, ముందు ఒకసారి స్విచ్ వేసి చూశాడు. మిషన్ గిర్రున తిరిగింది.

"దీనికేం మాయరోగం? నాకంటే బాగుండాది!" అన్నాడు.

లోపలినుంచి అమీనా బీ అత్త పిండి చేతులతో ఉరికొచ్చింది. "ఆపప్పా ఆపు! పాప పెట్టెకు దూది పడుతాది!"

అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. "అత్తా, మిషన్ బాగానే ఉందా? మరి మామ దమ్ము లేదనె?"

"ఉండేదాన్ని లేదని సెప్పేకి ఆ మనిషి ఎంత కిందామీదా పడినాడో నాకు తెలుసు. పాప ఊరు ఇడిసి పోతే ఎల్లమ్మ ఒంటిదైతాదని ఒకటే దిగులు."

"పనికొచ్చే మిషన్ను దమ్ములేదంటాడు, పనికిరాని ఫ్యాన్ను దమ్ముందంటాడు. ఇదేం పరీక్ష అత్తా?"

అత్త నన్ను వింతగా చూసింది. "పరీక్షా? మసీదు వాకిట్లో పిల్లోళ్ళకు దువా సదివి ఊదుతారే, దమ్ సేసేది, అది తెలీదా? ఈయనదీ అదే. వస్తువు ఎవురిదో వాళ్ళకు కలిసిరావల్లని సదివి ఊదుతాడు."

"మరి దమ్ముంది అనేది?"

"పెట్టినోడు ఆయనే గదా. ఉండక యాడికి పోతాది?"

"ఒక్క మాట సెప్పొచ్చు గదా ఎవురికైనా!"

"సెప్పుకుంటే అది దువా కాదంట, దండోరా అంట."

నేను అక్కడే దూది మూట మీద కూలబడ్డాను. పసితనంలో నేను ఊరికే ఏడుస్తుంటే, దిష్టి తగిలిందని మా అమ్మ నన్ను ఎత్తుకుపోయి నిలబడింది ఆ మసీదు వాకిట్లోనే. ఊరంతా ఇన్నాళ్ళూ ఆయన వస్తువుల్ని చూస్తున్నాడనుకుంది. ఆయన చూసింది మనుషుల్ని. గోవిందన్న ఇల్లు ఎందుకు కాలుతుందో ఆయనకూ తెలీదు, కాలకూడదని మాత్రం అల్లాను అడిగాడు. నాకు చెప్పలేనంత ప్రేమ పొంగింది ఆ మీసాల మనిషి మీద.

ఆ రోజే రెండో రకం రేడియేటర్లు ఆర్డర్ పెట్టాను, పలచనివి, పొడుగువి, రేకులు ఎడంగా ఉన్నవి. చోటు చాలకపోతే ఒకటి పెట్టె బయట బిగించాను. ఫ్యాన్ల మూతికి ఎమ్మిగనూరు పలచని నేతగుడ్డ కట్టాను, సాయంత్రం పూట విప్పి దులిపితే సరి. ఆ గుడ్డను దాటి వచ్చిన నూగు ఏదైనా ఉంటే, ఆ రేకుల్లో ఇరుక్కోదు, ఒక్కసారి ఊదితే పోతుంది. ఊదేవాళ్ళకు మా ఇంట్లో కొదవా? లావు రేడియేటర్ను దుర్గప్ప పట్టుకుపోయి షెడ్డు ముందు వేలాడదీశాడు. కింద "ఇచ్చట కంప్యూటర్లు కూడా చల్లబరచబడును" అని రాయించాడు.

అంతా సిద్ధమయ్యాక మామను చెయ్యి పట్టుకుని మిషన్ దగ్గరికి తీసుకుపోయాను. ఆ పక్కనే అత్త కొత్త పరుపుకు గలేబు కుడుతోంది. నేను మిషన్ మీద రెండు చేతులూ ఆనించాను. కళ్ళు అరమూశాను. పెదవులు కదిపాను. బుగ్గలు పొంగించి ఉఫ్ అన్నాను.

లోపల పేరుకున్న దూదంతా ఒక్కసారి లేచి, మామ మీసాల మీదా అత్త తల మీదా వాలింది.

"దమ్ముంది మామా" అన్నాను.

"యా అల్లా! ఒకరు సాలరని ఇంగొకతె తయారైందా!" అని అత్త నెత్తి బాదుకుంది.

మామ మీసాలు దులుపుకోకుండా నన్నే చూస్తూ మెల్లగా అడిగాడు. "ఏం సదివితివి పాపా?"

"మీ సదువు నాకు రాదు గదా మామా. ఉరుకుంద ఈరన్న సామిని తల్సుకుంటి."

మామ తల పంకించి మిషన్ స్విచ్ వేశాడు.

"సాలు. ఆ సామికీ దమ్ముంది."