షావుకారమ్మ వేషంలో మా చిన్నమ్మ

నిన్న పొద్దున బడిలో ప్రార్థన ముగుస్తుండగా చిన్నాయిన ఫోన్ చేశాడు. "మీ చిన్నమ్మ పోయింది బిడ్డా" అన్నాడు. గుండెపోటట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. షాద్‌నగర్ నుంచి పోచంపల్లికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పెళ్లయిన నాటి నుంచి మగ్గం మీదే బతికింది. షావుకారు పట్టునూలు ఇస్తాడు, వీళ్లు నేసిస్తారు, కూలి తీసుకుంటారు. చీర మాత్రం ఆయనది. నేస్తున్నంతసేపూ వీధిలో పోయేవాళ్ల గొంతులు అనుకరించడం ఆమెకు సరదా. బస్సు కండక్టరు, కూరగాయలమ్మి, పాఠం చెప్పే నేను, అందరమూ ఆ నోట్లో పలికేవాళ్లం. మనిషి సంగతి మొహం చూస్తే తెలియదనీ, ఎవరి ముందు ఎట్లా నిలబడతాడో చూస్తే తెలుస్తుందనీ అంటుండేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండలో నాకు తెలిసిన లెక్చరర్ సారు ఒక నాటకం రాశాడు. కథంతా ఒక షావుకారు ఇంటి గడప దగ్గరే నడుస్తుంది. నేసిన చీర పట్టుకొని ఒకామె గడప బయట నిలబడితే, షావుకారు భార్య లోపల నిలబడి ఆ చీరలో తప్పులు వెతుకుతుంది. నేత ఆమె వేషం నిజంగా నేసే మనిషే వేస్తే బాగుంటుందని సారు అంటే, నేను చిన్నమ్మను వెంటబెట్టుకొని పోయాను. కథ అంతా విని ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ ఏషం నేను రోజు ఏస్తనే ఉన్న గద సారూ. ఒక్కపారి నన్ను లోపట నిలవెట్టుండ్రి."

సారు నవ్వాడు. ఆమె నవ్వలేదు. చివరికి షావుకారమ్మ వేషం చిన్నమ్మకే వచ్చింది. నేత ఆమెగా డిగ్రీ చదివే ఒక అమ్మాయి కుదిరింది. ఆమె తండ్రికి నల్గొండలో రెండు బట్టల దుకాణాలున్నాయి.

రిహార్సల్‌లో పేచీ వచ్చింది. షావుకారమ్మ కోపంతో అరవాలని సారు రాశాడు. చిన్నమ్మ ఎంత చెప్పినా అరవలేదు. చిరునవ్వుతో, మెత్తటి గొంతుతో, "ఈ అంచు గిట్లెందుకయిందమ్మా?" అని అడిగింది. అట్లా అయితే జనానికి కోపం ఎట్లా వస్తుందని సారు విసుక్కున్నాడు.

"మా షావుకారమ్మ ఎన్నడు ఒర్రలే సారూ" అంది చిన్నమ్మ. "ఒర్రితె నేను గూడ ఒర్రుదును. నవ్వుకుంట అంటది. దానికేం జెప్పాల్నో తెల్వక ఇంటికొచ్చి ఏడ్సేదాన్ని."

సారు ఆ సీను తిరగరాశాడు.

మొదటి ప్రదర్శన నల్గొండలో. రెండోది మా పోచంపల్లిలోనే. షావుకారు కుటుంబం వస్తుందని తెలిసి చిన్నాయిన భయపడ్డాడు. రేపటి నుంచి నూలెవరిస్తారని అడిగాడు. చిన్నమ్మకూ భయమే. ఆ రోజు అన్నం ముట్టలేదు. అయినా వేదిక ఎక్కింది. ముందు వరుసలో కూర్చున్న షావుకారమ్మ మొదట అందరితో పాటు నవ్వింది. సగానికి వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నమ్మ ఆమె వైపు చూడకుండానే తన మాటలన్నీ చెప్పి దిగింది.

నూలు ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు, ఊరికే ఆగింది. చిన్నాయిన ఖాళీ మగ్గం ముందు కూర్చొని బీడీలు కాల్చేవాడు. చిన్నమ్మ ఆ ఎండాకాలమంతా ఇతరుల ఇళ్లలో కూలికి నూలు కండెలు చుట్టడానికి పోయింది. నాటకంలోకి లాగినందుకు నేను బాధపడుతుంటే, "నువ్వు గుంజుకపోలే, నేనే పోయిన" అంది.

వానలు మొదలయ్యాక ఒకనాడు షావుకారమ్మే వాళ్లింటికి వచ్చింది. అంతకుముందెన్నడూ వచ్చిన మనిషి కాదు. గడప దగ్గరే ఆగిపోయింది. చిన్నమ్మ చాప పరిచి లోపలికి పిలిచిందట. కూర్చున్నాక ఆమె అడిగిన మాట ఒకటే.

"నేను నిజంగ గట్లనే నవ్వుతనా?"

"గట్లనే" అంది చిన్నమ్మ.

మళ్లీ నూలు వచ్చింది. ఏమైనా మారిందా అని నేను ఆశగా అడిగితే, కూలి పాతదేనని చెప్పింది. "పోతె కూసోమంటాంది. కూసుంటున్న. కూలి గూడ అడుగుత, జర ఆగు" అంది. అడిగింది కూడా. కొంచెం పెరిగింది, ఆమె అడిగినంత కాదు.

నిన్న షావుకారమ్మ కూడా వచ్చింది. ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చొని చాలాసేపు ఏడ్చింది. అందులో ఎంత నిజమో తూచే హక్కు నాకు లేదు.

నాకు మాత్రం నల్గొండ ప్రదర్శన అయి తిరిగి వస్తున్నప్పటి చిన్నమ్మే కళ్ల ముందు నిలుస్తోంది. పోచంపల్లి ప్రదర్శన కోసం డిగ్రీ అమ్మాయి కూడా మాతోనే బయల్దేరింది. చౌటుప్పల్‌లో టీ కోసం ఆగాం. ఒంటి మీద వేషానికి తెచ్చిన పట్టుచీర, మొహాన పౌడరు. జీవితమంతా పట్టు నేసిన మనిషి పట్టు కట్టడం అదే మొదలు. హోటలాయన ఆమెను చూసి గబగబా ఒక కుర్చీ తుడిచి, "కూసోండమ్మా" అన్నాడు. నేత ఆమె వేషపు వెలిసిన చీరలోనే ఉన్న డిగ్రీ అమ్మాయిని పక్కకు జరగమన్నాడు. చిన్నమ్మ కూర్చుంది. ఒక్క క్షణం ఆ మర్యాదను ఆస్వాదించింది కూడా, నేను చూశాను. తర్వాత సగం కుర్చీకి జరిగి, ఆ పిల్ల చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ ఇరుక్కొని, చీరల మీద నూనె పడకుండా ముందుకు వంగి, వేడి మిర్చిబజ్జీలు ఊదుకుంటూ తిన్నారు.