మూడో తీగకు కాపలా

దేవదానం మోటారును అరచేత్తో వినేవాడు. దెందులూరులో వైండింగ్ షాపు. ఇరవై ఏళ్లుగా రాగితీగ చుట్టీ చుట్టీ వేలికొసలు మొద్దుబారాయి, అరచెయ్యి మిగిలింది. చదువు పదోతరగతి దాటలేదు. చదువుకున్నవాళ్లు వదిలేసినవి అతని దగ్గరికే వచ్చేవి.

2008 వానాకాలం. మూడు రోజులుగా ఎండ లేదు. కొల్లేటికోట దగ్గర సత్యవేణి అనే ఆవిడ సాగుచేస్తున్న చెరువులో, తెల్లారేసరికి చేపలు గాలాడక పైకొచ్చి నోళ్లు తెరిచాయి. వేల నోళ్లు, చప్పుడు లేని పాటలా. కొత్తనీళ్లు పెడితేనే బతుకుతాయి. నీళ్లు తోడే మోటారేమో అర నిమిషం తిరిగి ఆగిపోతోంది. ఆవిడ దేవదానాన్ని పిలిపించింది.

“ఏవండీ, అవతల చేపలు ఆయాసపడుతుంటే మోటారు నిమురుతారేంటండీ? అదేమన్నా గేదా?” అంది సత్యవేణి.

“పాలిస్తుందేమోనని చూస్తున్నానమ్మా.”

మోటారును నడిపే డ్రైవ్ పెట్టె, మూడు తీగల్లో ఒకదాంట్లో కరెంటు లేదంటోంది. మళ్లీ ఆన్ చేసి, ఆ అర నిమిషంలోనే తీగకు క్లాంప్ మీటరు తగిలించాడు. కరెంటు నిక్షేపంగా ఉంది. అబద్ధమాడుతున్నది పెట్టెలోని సెన్సర్. పక్కనే చెరువులో చల్లే సున్నం బస్తాలు. ఆ పొడీ చెమ్మా కలిసి దాన్ని తినేశాయి.

“సున్నం ఇక్కడెందుకు పెట్టారమ్మా?”

“తడవకుండా ఉంటుందనండీ.”

కొత్త సెన్సర్‌ రావడానికి నాలుగు రోజులన్నారు కంపెనీవాళ్లు ఫోన్లో. మూడు తీగల్లో వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ ఏ క్షణాన కలిపినా సున్నా. రెండు తెలిస్తే మూడోది తెలిసినట్టే. మంచి డ్రైవులు ఆ లెక్క కట్టుకుని నడిచిపోతాయి. ఈ పాతదానికి ఆ బుద్ధి లేదు. దేవదానం సెట్టింగులు మార్చి, సెన్సర్లతో పనిలేకుండా తిప్పే పద్ధతిలో పెట్టాడు. తీగలో కరెంటు పోతే మోటారును ఆపే కాపలా కూడా తీసేశాడు. ఇక నిజంగా తీగ పోతే మోటారు కాలుతుంది, చేపలు చస్తాయి.

“మరి కాపలా ఎవరండీ?”

“నేనున్నానుగా.”

ఒక చెయ్యి మోటారు మీద, ఇంకో చేతిలో మీటరు. మోత ఒళ్లంతా పాకింది. కళ్లు తెరిచే ఉన్నా, తను నీళ్లలో ఉన్నట్టు, తామరకాడల మధ్య ఎవరో మెల్లగా ఊపుతున్నట్టు అనిపించింది. కొంగలు రెక్కలు ఆడించకుండానే పోతున్నాయి.

ఉన్నట్టుండి అరచేతి కింద మోత బరువెక్కింది. చటుక్కున ఆపాడు. పంపు మూతికి గుర్రపుడెక్క కలుపు చుట్టుకుంది. లాగేసి మళ్లీ ఆన్ చేశాడు.

మధ్యాహ్నానికి మబ్బు పలచబడింది. ఒక్కో నోరూ మూసుకుని చేపలు అడుగుకు దిగిపోయాయి. నీళ్ల మీద ఆకాశం తప్ప ఏమీ లేదు.

“దిగిపోయాయండీ! ఇక లేచి అన్నం తినండి!”

దేవదానం లేవలేదు. ఎడమచెయ్యి మోటారు మీదే ఉంచి, “ఇక్కడికే పట్రండమ్మా,” అన్నాడు.