కాకకు చెప్పిన బుద్ధుడి మాట

ఆ రోజు బుద్ధుడి మాటను నా స్వార్థానికి వాడుకున్నాను.

పాశమైలారంలో మా ఇంటి వెనక పొలం మా నాన్న తమ్ముడు, మా కాకది. ఫ్యాక్టరీల మురుగు దిగి బోరు నీళ్లు చేదెక్కినా, కాక రోజూ పొద్దున దోసిట పట్టి రుచి చూసేవాడు. పెదవులు పుండ్లుపడ్డా, "నిన్నటికంటె జెర నయం" అంటూ ఉమ్మేవాడు.

"ఆశనే దుఃఖానికి మూలమని బుద్ధుడు చెప్పిండు కాకా. అమ్మెయ్, కొనేటోణ్ణి నేను తెస్త" అన్నాను.

మర్నాటి నుంచి కాక బోరు మోటరు వేయలేదు.

మోటరు మోగని ఆ నిశ్శబ్దాన్ని రెండు రోజులు భరించి, వెళ్లి ఒప్పుకున్నాను. "కొనేటోడు నేనే కాకా. కిరాయి రూములు కట్టాలని ఆశపడ్డ. ఇగ నాకు ఆ భూమి వద్దు."

కాక నన్ను తేరిపార చూశాడు.

"నువ్వు తెచ్చేటోనికి అమ్ముతనని రేపు సంతకం పెడ్తుంటి గదరా, బేవకూఫ్! బుద్ధుడు నీకు చెప్పిన మాట నాకెందుకు తెచ్చిచ్చినవ్?"